వెనక గది గాలి

ఆవిడ కారు నడపడం నేర్పేది. వీధిలో అందరూ ఆవిడని బ్రేకమ్మ అనేవారు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చున్నంతసేపూ ఆవిడ కాలు తనవైపున్న రెండో బ్రేకు మీదే ఉంటుంది కనక ఆ పేరు వచ్చిందని కొందరు, ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే అడ్డం పడుతుంది కనక వచ్చిందని ఇంకొందరు. రెండూ నిజమే. యాభై దాటిన మనిషి. గట్టి గొంతు. వణికే చేతులతో స్టీరింగు పట్టుకున్నవాళ్ళతో, "భయపడు, ఫరవాలేదు. కళ్ళు మూసుకుని మాత్రం భయపడకు" అనేది.

ఆవిడ భర్త సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపినవాడు. కిటికీ లేని చిన్న గదిలో, బొమ్మ వెలుగు కోసం కార్బన్ కడ్డీలు మండే పొగలో వయసంతా గడిచింది. హాలు మూతపడి చాలా కాలమైనా వీధి ఆయన్ని ఆపరేటరు గారనే పిలిచేది. ఆ పొగ ఆయన ఊపిరితిత్తుల్లోనే కాపురం పెట్టేసింది. మెట్లెక్కేటప్పుడు సగంలో ఆగి, గోడ మీదున్న పటాన్ని కొత్తగా చూస్తున్నట్టు నిలబడేవాడు. ఆయాసం తీరాక మిగతా సగం ఎక్కేవాడు. ఆ పటంలో ఏముందో బ్రేకమ్మ ఎప్పుడూ అడగలేదు.

వాళ్ళు అద్దెకుండేది ఒక పాత ఇంటి ఎడమ సగంలో. ఒకప్పుడు ఒకే ఇల్లు. యజమాని దాన్ని నిలువునా రెండు చేసి, మధ్య తలుపులకి చెక్కలు కొట్టించి, కుడి సగాన్ని ఎవరికో గోడౌనుగా ఇచ్చాడు. ఆ వైపు వీధిలోకి ఒక ఇనుప షట్టరు ఉండేది. ఎప్పుడు చూసినా దించే ఉండేది, తాళం వేసే ఉండేది.

కూతురు వేరే ఊళ్ళో పెద్దాసుపత్రిలో నర్సు. ఫోన్లో తండ్రి దగ్గు వినీ వినీ ప్రాణం విసిగి, సెలవుకి వచ్చినప్పుడు అరచేతిలో పట్టేంత తెల్ల డబ్బాలు మూడు తెచ్చింది. ముందు గదిలో ఒకటి, పడకగదిలో ఒకటి, సామాన్లు పడేసే వెనక గదిలో ఒకటి పెట్టింది.

"వేడి, తేమ, దుమ్ము అన్నీ ఇందులో తెలుస్తాయి. కానీ ఇదిగో, ఈ అంకె చూడండి. మనుషులు వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో ఇది చెప్తుంది. వెయ్యి దాటితే కిటికీ తియ్యండి."

"కిటికీ తియ్యమనడానికి డబ్బా కావాలటే? నేను చెప్తే చాలదూ?" అంది తల్లి.

"నువ్వు చెప్తే నాన్న వింటాడా?"

"వినను" అన్నాడు ఆపరేటరు.

"అందుకే. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. ఎక్కడైనా పొగ కమ్మి, అందులో విషం ఉంటే ఎర్ర లైటు వెలిగి అరుస్తుంది. అప్పుడు ఆలోచించకూడదు. బయటికి వెళ్ళిపోవడమే."

ఆ అంకెలన్నీ గీతలుగా ఫోన్లో కనబడేవి. హాలు మూసేశాక ఆపరేటరుకి కూర్చుని చూడ్డానికి ఏదైనా దొరకడం అదే మొదటిసారి. పొద్దున్నే కళ్ళజోడు తుడుచుకుని కుర్చీలో చేరేవాడు. "నీ వంటింటి సీను మొదలైంది, దుమ్ము లేచింది" అనేవాడు. "నువ్వు పాఠానికి వెళ్ళావు, ముందు గది గాలి తేటపడింది. నీ నోరు ఎంత గాలి ఖర్చు పెడుతోందో ఇప్పటికి తెలిసింది."

"నేను పోతే మొత్తం తేటపడుతుందిలెండి" అనేది ఆవిడ, చెప్పులు వేసుకుంటూ.

తేడా ఆయనకే ముందు కనిపించింది. వెనక గదిలో మనిషన్నవాడు అడుగుపెట్టడు. పాత టైర్లు, విరిగిన కుర్చీలు, ఖాళీ రీలు డబ్బాలు తప్ప అందులో ఏమీ లేవు. అయినా పొద్దున పనివేళకి ఆ గది గీత లేవడం మొదలుపెట్టేది. మధ్యాహ్నానికి గుట్టలా పెరిగి, సాయంత్రం దిగేది. ఆదివారం మాత్రం లేవకుండా పడుకునే ఉండేది.

డబ్బా పాడైందనుకున్నారు. పడకగదిలోది తెచ్చి అక్కడ పెట్టారు. అదే గుట్ట. కూతురికి ఫోను చేశారు.

"నువ్వెళ్ళి అక్కడ పడుకుంటున్నావా నాన్నా?"

"టైర్ల మధ్యనా? నాకేం ఖర్మే?"

"అయితే ఎవరో ఊపిరి పీలుస్తున్నారు" అని కూతురు నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "అది వేరే దేనివల్లా పెరగదు నాన్నా. మూసిన గదిలో పెరిగిందంటే ఊపిరైనా ఉండాలి, మంటైనా ఉండాలి."

ఆ మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని నిలబడ్డారు. అవతలి సగంలోకి పోయే పాత తలుపు అక్కడే ఉంది. చెక్కలు కొట్టి, ముందు బీరువా పెట్టేశారు. తలుపు పైన గాలి కోసం వదిలిన సందుకి చెక్క పలకలు వాలుగా బిగించి ఉన్నాయి. వాటిలోంచి ఘాటుగా జిగురు వాసన వస్తోంది. చాలాసేపు ఏమీ వినబడలేదు. ఆపైన ఏదో బల్ల మీద సుత్తితో మెల్లగా కొడుతున్న చప్పుడు. తర్వాత ఎవరో దగ్గారు.

"గోడౌనులో సరుకు దగ్గదు" అన్నాడు ఆపరేటరు నెమ్మదిగా.

"పిల్లి అయ్యుంటుంది."

"దగ్గు గురించి నాకు చెప్పకు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. బయటికి వినబడకూడదని."

బ్రేకమ్మకి మనసులో ఏదైనా పడితే నోట్లో ఆగదు. మర్నాడు షట్టరు తాళం తీస్తున్న మనిషి కనబడగానే కారు ఆపించి దిగింది. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. గోడౌను వ్యవహారమంతా అతనే చూసుకునేవాడు.

"లోపల ఎవరైనా పని చేస్తున్నారా బాబూ?"

"సరుకమ్మా. చెప్పుల సరుకు. ఎందుకడిగారు?"

"మా వెనక గదిలో గాలి బాగుండటం లేదు. మా అమ్మాయి ఏదో డబ్బా పెట్టింది. మీ వైపునుంచి మనుషుల ఊపిరి వస్తోందని అది చెప్తోంది."

అతను ఆవిడ వంక శ్రద్ధగా చూశాడు. "డబ్బా చెప్పిందా? భలే. కాలం ఎంత మారిపోయిందమ్మా! ఎక్కడినుంచి వస్తోందట?"

"తలుపు పైన సందులోంచి."

"మీకు ఇబ్బంది లేకుండా చూస్తాను. మీ వారికి అసలే ఆయాసం కదా" అన్నాడు. భర్త ఆయాసం సంగతి అతనికెలా తెలిసిందా అని ఆవిడకి తట్టలేదు. ఇంటికొచ్చి ఏదో ఘనకార్యం చేసినట్టు చెప్పుకుంది. సాయంత్రం ఇంటి యజమాని ఫోను చేశాడు. అద్దెకున్నవాళ్ళు అద్దెకున్నట్టుండాలి, పక్కవాళ్ళ వ్యాపారాల్లో తల దూర్చడం కొరివితో తల గోక్కోవడమే అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

మర్నాడు వెనక గది గీత లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. జిగురు వాసన పోయింది. ఆపరేటరు దగ్గు కూడా కాస్త నెమ్మదించింది. "ఇప్పుడు బాగుందమ్మా, ఇలాగే ఉంచండి" అంది కూతురు ఫోన్లో సంతోషంగా.

బ్రేకమ్మకి మాత్రం అన్నం సహించలేదు. ఎందుకో ఆవిడకే తెలియలేదు. ఆ వారంలోనే ఒక రోజు, బ్యాంకులో పనిచేసే ఒకావిడకి వెనక్కి నడపడం నేర్పిస్తూ సొంత వీధిలోకే వచ్చింది. షట్టరు మోకాలంత ఎత్తు లేచి ఉంది. ఇస్త్రీ చొక్కా మనిషి కిందనుంచి భోజనం పొట్లాలు లోపలికి తోస్తున్నాడు. ఒకటి, రెండు కాదు, పెద్ద అట్టపెట్టె నిండా. తోసి, షట్టరు దించి, తాళం వేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

"మేడమ్, వెనక గోడ! గోడ!" అని బ్యాంకావిడ అరిచింది. ఎన్నో ఏళ్ళలో మొదటిసారి బ్రేకమ్మ కాలు బ్రేకు మీద లేదు.

ఇంటికి వచ్చీ రాగానే వెనక గదిలో స్టూలు వేసుకుని ఎక్కింది. పలకల సందుల్లోకి వేలు పెట్టింది. అవతలినుంచి మెత్తగా ఏదో కుక్కి ఉంది. పరుపుల్లో వాడే స్పాంజి. చుట్టూ జిగురు కూడా పూశారు. ఆవిడ స్టూలు మీదే కూర్చుండిపోయింది.

"గాలి బాగుపడలేదండీ" అంది భర్తతో. "వాళ్ళ గాలి వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. నేనే మూయించాను. నా నోటి దురద."

 ఆయన వెళ్ళి పాత కర్టెను కడ్డీ తెచ్చాడు. "దిగు" అన్నాడు.

"మీరెక్కకండి. మెట్లే ఎక్కలేరు."

"నా గదికి కూడా ఇంతే సందుండేది. తెర మీద బొమ్మ పడ్డానికి. బొమ్మ కోసం వదిలారు, నాకోసం కాదు. అయినా అందులోంచే బతికాను. దిగు."

స్టూలెక్కి, కడ్డీతో పలకల మధ్యనుంచి పొడిచాడు. రెండుసార్లు ఆయాసపడి ఆగాడు. మూడోసారి జిగురు వదిలి స్పాంజి అవతల పడింది. వేడి గాలి, జిగురు ఘాటు ఆయన ముఖానికి కొట్టాయి. అవతల సుత్తి చప్పుడు ఆగిపోయింది. 

"భయపడకండి. పక్కింటివాళ్ళం" అంది బ్రేకమ్మ కిందనుంచి.

కాసేపటికి ఒక ఆడగొంతు వచ్చింది. సన్నగా, కాస్త బొంగురుగా. "మళ్ళీ మూసెయ్యరు కదా అక్కా?"

"మేం మూయలేదమ్మా. ఎంతమంది ఉన్నారు లోపల?"

"పదిమంది పైనే. చెప్పులకి అట్టలు అంటిస్తాం."

"తాళం ఎందుకు?"

"ఇక్కడ పని పెట్టకూడదట. బయట తాళం కనబడితే లోపల మనుషులున్నారనుకోరని. సాయంత్రం తీస్తారులే."

"నేనిప్పుడే వెళ్ళి పోలీసులకి చెప్తాను."

"వద్దక్కా!" ఆ గొంతులో ఒక్కసారిగా ప్రాణం లేచింది. వెనకాల ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా వద్దు వద్దన్నారు. "ఇంతకు ముందున్నచోట ఇలాగే ఎవరో మంచివాళ్ళు చెప్పారు. వచ్చారు, మూసేశారు, వెళ్ళారు. మేం రోడ్డున పడ్డాం. మీకు పుణ్యముంటుంది, ఎవరికీ చెప్పకండి. గాలి వదలండి చాలు. వాళ్ళొచ్చే ముందు స్పాంజి నేనే పెట్టేస్తాను."

 చెప్తే వాళ్ళ పొట్ట కొట్టినట్టు, చెప్పకపోతే వాళ్ళని అలా వదిలేసినట్టు. బ్రేకమ్మ రోజంతా నడుస్తూ, తింటూ, పాఠాలు చెప్తూ ఆలోచించింది. తేలలేదు. తేలని పని రేపటికి జరిగింది, రేపటి నుంచి ఎల్లుండికి జరిగింది.

అలా గోడకి ఇటూ అటూ ఒక అలవాటు మొదలైంది. పొద్దున తాళం పడి అడుగుల చప్పుడు దూరమయ్యాక అవతల స్పాంజి తీసేవారు. ఇవతల బ్రేకమ్మ బీరువా పక్కకి జరిపి, పైన ఒక టేబుల్ ఫ్యాను గది కిటికీ వైపు తిప్పి పెట్టింది. వాళ్ళ గాలి ఆ సందులోంచి వచ్చి, వీళ్ళ గదిలోంచి బయటికి పోయేది. వెనక గది గీత మళ్ళీ గుట్టయింది. ఇప్పుడు ఆ గుట్ట చూస్తే ఆవిడకి కాస్త నెమ్మదిగా ఉండేది.

ఆపరేటరుకి మాట్లాడే మనుషులు దొరికారు. స్టూలు మీద కూర్చుని, తాను ఆడించిన సినిమాల కథలు చెప్పేవాడు. ఊపిరి చాలక ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. సరిగ్గా కత్తి దూసే చోట దగ్గొచ్చి ఆగిపోయేవాడు. "ఆ తర్వాత బాబాయ్?" అనేది ఆ బొంగురు గొంతు. హాస్యం వచ్చినచోట అందరూ ఒక్కసారి నవ్వి, ఒక్కసారే నోళ్ళు మూసుకునేవారు. వాళ్ళ ముఖాలు ఆయనకి తెలియవు. ఆయన ముఖం వాళ్ళకి తెలియదు.

కానీ జిగురు ఆవిరి తనవంతు తాను తీసుకుంది. ఆపరేటరు మెట్ల సగం దాకా కూడా వెళ్ళలేకపోయాడు. పెదాలు నీలంగా మారేవి. కూతురు తన ఊళ్ళో ఫోన్లో గీతలు చూసి మండిపడింది.

"ఏం చేస్తున్నారక్కడ? ఆ గది మూసెయ్యండి. నాన్నకి ఏమన్నా అయితే?"

"నువ్వు ఆసుపత్రిలో ఊపిరాడనివాళ్ళని చూసి తలుపేసుకుంటావా?" అన్నాడు ఆయన.

"ఆసుపత్రిలో నాకు డాక్టర్లున్నారు నాన్నా. అధికారులకి చెప్పండి. ఇవాళే చెప్పండి. ఇలాంటివి ఎప్పటికైనా ప్రాణం మీదకొస్తాయి."

"సరే" అంది తల్లి. నిజంగానే సరే అనుకుంది. కార్మికుల వ్యవహారాలు చూసే ఆఫీసు ఎక్కడుందో కూడా కనుక్కుంది. ముందుగా గోడవతలి బొంగురు గొంతు పిల్లకి వేరే ఎక్కడైనా పని చూసి, తర్వాత వెళ్ళాలనుకుంది. ఇద్దరు ముగ్గురిని అడిగింది. అలా ఇంకొన్నాళ్ళు గడిచాయి.

ఆ వేసవిలో కరెంటు పోవడం ఎక్కువైంది. పోయినప్పుడల్లా అవతల చీకట్లో పని ఆగిపోయేదని ఆ గొంతు చెప్పేది. ఇస్త్రీ చొక్కా మనిషికి ఆ ఆగిపోవడం నచ్చలేదు. ఒక రోజు పొద్దున ఏదో బరువైనది ట్రాలీ మీద లోపలికి దించారు.

మధ్యాహ్నం బ్రేకమ్మ బ్యాంకావిడతో పెద్ద రోడ్డు మీద ఉంది. ఫోను మోగింది. భర్త.

"వాళ్ళు నవ్వడం లేదు" అన్నాడు.

"ఏంటండీ?"

"కథ చెప్తున్నాను. కరెంటు పోయింది. అవతల ఏదో ఇంజను చప్పుడు మొదలైంది. నేను చెప్తూనే ఉన్నాను. నవ్వే చోటు వచ్చింది. నవ్వలేదు. పిలిచాను. పలకడం లేదు." ఆయన మాట వెనక ఏదో కీచుమని అరవడం మొదలైంది. ఆగకుండా అరుస్తోంది. "ఇదిగో, ఎర్రగా వెలిగింది ఇది. దీని గొంతు చాలా పెద్దది."

"బయటికి రండి! మీరు ముందు బయటికి రండి!"

"వస్తాలే" అన్నాడు. ఫోను పెట్టెయ్యలేదు. "అమ్మాయ్! లేవండి! పడుకోకండి!" అని ఆయన సందులోకి అరవడం ఆవిడకి వినబడుతూనే ఉంది.

బ్యాంకావిడని పక్క సీట్లోకి తోసి బ్రేకమ్మ తానే నడిపింది. దారిలో కూతురి ఫోను వచ్చింది. ఆ పిల్ల ఫోన్లో కూడా ఎర్ర గుర్తు వెలిగింది. ఇంజను చప్పుడు సంగతి తల్లి చెప్పింది. "అమ్మా, అది జనరేటరు పొగ. అందులో విషానికి వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టు వస్తుంది. నేను అంబులెన్సుకి చెప్పాను. నువ్వు లోపలికి వెళ్ళకు. నాన్నని లాగు. వింటున్నావా? లోపలికి వెళ్ళకు."

వీధి మొదట్లో గేట్లు చేసే వెల్డరు ఉన్నాడు. కరెంటు లేక పని ఆపి, బీడీ కాలుస్తున్నాడు. కారు కిటికీలోంచి ఆవిడ అరిచిన అరుపుకి బీడీ పారేశాడు.

"తమ్ముడూ, షట్టరు తాళం పగలగొట్టాలి! లోపల మనుషులు చచ్చిపోతున్నారు!"

అతను ఏమిటని అడగలేదు. సమ్మెట, గడ్డపార పట్టుకుని కారు వెనకే పరిగెత్తాడు. తాళం లేచి రావడానికి ఎంతసేపు పట్టిందో ఎవరికీ తెలియదు. బ్రేకమ్మకి మాత్రం ఒక్కొక్క దెబ్బ ఒక్కొక్క పూట అనిపించింది. షట్టరు పైకి లేవగానే ఇంజను రొద, వేడి ఒక్కసారి బయటికి దూకాయి. వెల్డరు ముఖానికి తడి గుడ్డ చుట్టుకుని, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి జనరేటరు ఆపాడు. బయటికి వచ్చి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

వెలుతురు లోపలికి పోయింది. పొడుగాటి బల్లలు. బల్లల మీద చెప్పుల అట్టలు. అట్టల మీద తలలు. బడిలో పిల్లలు తల వాల్చి నిద్రపోయినట్టు పడుకుని ఉన్నారు. ఇద్దరు మాత్రం బల్లల దగ్గర లేరు. పాత తలుపు కింద, సందు వైపు ముఖాలు పెట్టి, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఒకామె చేతిలో స్పాంజి ముక్క ఉంది.

వీధి వీధంతా వచ్చింది. కాళ్ళూ చేతులూ పట్టి మోసి రోడ్డు మీద పడుకోబెట్టారు. ఇంటి లోపల ఆపరేటరు స్టూలు పక్కన పడి ఉన్నాడు. పలకలు రెండు విరిచేశాడు. వేళ్ళనుంచి రక్తం కారుతోంది. అంబులెన్సు ఒక్కటే వచ్చింది. మిగతావాళ్ళని డ్రైవింగు నేర్పే కారులోనే, వెనక సీట్లో ఒకరి మీద ఒకరిని కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. బ్యాంకావిడ వాళ్ళ తలలు ఒళ్ళో పట్టుకుని, ఆసుపత్రి దాకా "నిద్రపోకండి" అంటూనే ఉంది.

ఇద్దరు లేవలేదు. ఇద్దరూ ఆడవాళ్ళే.

మర్నాడు బ్రేకమ్మ వార్డులో మంచం మంచానికీ వెళ్ళింది. ఆ గొంతు ఒక్కటే ఆవిడకి గుర్తు. "నీళ్ళు కావాలా అమ్మా?" అని ఒక్కొక్కరినీ అడిగింది. "ఒద్దు", "కావాలి", "మా వాళ్ళకి చెప్పారా" అని పలికారు. అందరి గొంతులూ పొగకి ఎండిపోయి ఒకేలా ఉన్నాయి. ఒకామె దగ్గర చాలాసేపు నిలబడింది. సన్నటి గొంతు, కాస్త బొంగురు. "సినిమా కథలు చెప్పే బాబాయ్ తెలుసా నీకు?" అని అడిగింది. ఆమె అటు తిరిగి పడుకుంది. తలుపు దగ్గర ఎవరో కొత్త మనిషి నిలబడి చూస్తున్నాడు.

ఆ సాయంత్రానికి ఆమె మంచం ఖాళీ. ఇంకో నాలుగు మంచాలు కూడా ఖాళీ. వాళ్ళ మనుషులే వచ్చి తీసుకెళ్ళారని వార్డులో చెప్పారు. ఎవరి మనుషులో, ఎక్కడికో కాగితాల్లో రాసి లేదు. చనిపోయినవాళ్ళ ముఖాలు చూపించారు కానీ, ముఖాలతో ఆవిడకేం తెలుస్తుంది?

ఇస్త్రీ చొక్కా మనిషిని పట్టుకెళ్ళారు. కొన్నాళ్ళకి వదిలారు. కేసు నడుస్తోందన్నారు. బ్రేకమ్మ కోర్టుకి వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పింది. ముందే తెలిసి ఎందుకు చెప్పలేదని అవతలి వకీలు అడిగాడు.  ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న ఆగలేదు.

ఆపరేటరు ఇంటికి వచ్చాడు కానీ, ముక్కుకి గొట్టంతో వచ్చాడు. కూతురు సెలవు పెట్టి వచ్చింది. తండ్రి మీద ఒక్క మాట కూడా అనలేదు. రాత్రీ పగలూ పక్కనే కూర్చుంది. ఆయన మాట్లాడగలిగిన రోజున భార్యని అడిగాడు. "ఆ పిల్ల?"

"తెలియలేదండీ."

"చేతిలో స్పాంజి ఉందన్నారే, ఆమె..."

"తెలియలేదు. ముఖం ఎప్పుడూ చూడలేదు కదా మనం."

ఆయన గోడ వైపు తిరిగాడు. ఆ తర్వాత ఎవరికీ ఏ కథా చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా మనిషి గుమ్మంలోకి వచ్చాడు. అదే మెత్తటి మాట. "అయ్యగారికి ఎలా ఉందమ్మా? ఈ ఇంట్లో గాలి ఆయనకి పడినట్టు లేదు. మీ అమ్మాయి ఫలానా ఆసుపత్రిలో కదా చేస్తోంది? రాకపోకలు జాగ్రత్తగా ఉండమనండి. రోడ్లు బాగాలేవు." కూతురి ఆసుపత్రి పేరు, ఆ పిల్ల డ్యూటీ దిగే వేళ కూడా సరిగ్గా చెప్పాడు. చెప్పి, నవ్వి, వెళ్ళాడు. అదే వారం ఇంటి యజమాని ఖాళీ చెయ్యమన్నాడు.

ఊరి అవతలి చివర, కిటికీలు ఎక్కువున్న చిన్న ఇంట్లోకి మారారు. గాలి అక్కడ ఎంత బాగున్నా ఆపరేటరుకి పీల్చుకునే శక్తి మిగల్లేదు. వానలు రాకముందే పోయాడు.  కూతురి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆ పిల్ల వేళ్ళు ఆయన నాడి మీదే ఉన్నాయి. ఎప్పుడు ఆగిందో ఆమెకే ముందు తెలిసింది. తల్లికి చెప్పకుండా కాసేపు అలాగే పట్టుకుంది.

బ్రేకమ్మ మళ్ళీ పాఠాలు మొదలుపెట్టింది. వేరే పని తెలియదు. నేర్చుకునేవాళ్ళని బళ్ళు తక్కువుండే వీధుల్లోకి తీసుకెళ్ళేది. అలాంటి వీధుల్లో గోడౌన్లే ఎక్కువ. దించిన షట్టర్లు వరసగా ఉంటాయి. ఒకప్పుడు అవి ఆవిడకి గోడల్లాగే కనబడేవి. ఇప్పుడు ప్రతి తాళం చూసేది. ముందర కొత్త చెత్త ఉందా, నీళ్ళ డబ్బాలున్నాయా, పై సందులు మూసి ఉన్నాయా అని చూసేది. "ఏం చూస్తున్నారు మేడమ్?" అని అడిగితే, "నువ్వు రోడ్డు చూడు" అనేది.

ఒక రోజు అలాంటి వీధిలోనే, కొత్తగా పెళ్ళైన ఒక కుర్రాడికి రెండు బళ్ళ మధ్య కారు పెట్టడం నేర్పుతోంది. కిటికీలోంచి గాలి వచ్చింది. ఆ గాలిలో జిగురు ఉంది.

ఆవిడ బ్రేకు తొక్కింది. దిగి, ఆ వాసన వచ్చిన షట్టరు దగ్గరికి వెళ్ళింది. బయట తాళం. చెవి ఆనించింది. ఏదో మెత్తగా తడుతున్న చప్పుడు ఆగిపోయింది. అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"లోపల ఎవరమ్మా?"

 షట్టరుకి చాలా దగ్గరగా, ఇంచుమించు ఆవిడ చెవిలోనే, ఒక మగ గొంతు రహస్యంగా అంది.

"ఎవరూ లేరమ్మా. వెళ్ళిపోండి."

బ్రేకమ్మ వెనక్కి వచ్చి కారెక్కింది. "ఇంకా ముందుకి పోనియ్. ఇంకా. షట్టరుకి అడ్డంగా పెట్టు. ఇప్పుడు ఇంజను ఆపు" అంది కుర్రాడితో.

"ఇక్కడ పెట్టకూడదు కదా మేడమ్?"

"పెట్టకూడదు. కారు అడ్డముంటే లోపలివాళ్ళని ఎవరూ మాయం చెయ్యలేరు. నువ్వు దిగి ఇంటికి వెళ్ళు నాన్నా. ఇవాళ పాఠం అయిపోయింది."

కుర్రాడు అయోమయంగా దిగి వెళ్ళాడు. ఆవిడ ముందుగా అగ్నిమాపకం వాళ్ళకి ఫోను చేసింది. తర్వాత కార్మికుల ఆఫీసుకి, పోలీసులకి, ఒక విలేఖరికి, చివరికి కూతురికి. అందరికీ వీధి గుర్తులు చెప్పింది. "వచ్చేదాకా ఇక్కడే ఉంటాను" అని అందరికీ ఒకే మాట చెప్పింది. ఒక్కరు కూడా వెంటనే వస్తామనలేదు. కూతురు మాత్రం, "అద్దాలు ఎత్తేసి తలుపులు లాక్ చేసుకో అమ్మా. ఫోను పెట్టెయ్యకు" అంది.

వీధి చివర ఒక మనిషి మలుపు తిరిగి ఇటే రావడం అద్దంలో కనబడింది. తర్వాత ఇంకొకడు. తొందరేమీ లేకుండా నడిచి వస్తున్నారు. ఆవిడ తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకుంది. కారు కదల్చలేదు.